ఒక్క తువాలు కాపురం

అప్పట్లో మా వైపు ఇళ్లలో తువాలు మనిషిది కాదు, మేకుది. స్నానాల గది గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక తువాలు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ దాంతోనే తుడుచుకుని బయటికొచ్చేవాళ్లు. పొద్దున్నే ముందు లేచినవాళ్లకి పొడి తువాలు దొరికేది. చివర్లో స్నానం చేసినవాళ్లకి దొరికేదాన్ని తువాలు అనడం దానికి గౌరవం ఇచ్చినట్టే. ఇప్పుడు మా పిల్లలకి ఈ సంగతి చెబితే ముక్కు చిట్లిస్తారు గానీ, మాకు అప్పుడు అందులో వింతేమీ కనపడలేదు. ఒకే కుండలో నీళ్లు తాగినట్టు, ఒకే చాప మీద పడుకున్నట్టు, అదీ ఒక ప్రేమే అనుకునేవాళ్లం. ఆ ప్రేమతో నేను చేసిన యుద్ధం గురించే ఇప్పుడు చెప్పబోతున్నది.

నాకు బి.ఇడి. పూర్తయిన కొత్త. చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. మా ఊరు శ్రీకాకుళం అవతల. రోజూ వెళ్లి రావడం కుదిరేది కాదు. హాస్టల్లో ఉంటానంటే మా నాన్న ఇంతెత్తున లేచాడు. "సొంత మేనత్త ఇల్లుండగా హాస్టలేటి? సూసినోలు ఏటనుకుంటారు?" అన్నాడు. అలా నేను ఒక సూట్‌కేసూ, బోలెడంత విజ్ఞానమూ పట్టుకుని (సూట్‌కేసులో బట్టలు, తలలో విజ్ఞానం) చీపురుపల్లి పక్క పల్లెలో ఉన్న మా అత్త ఇంట్లో దిగాను. ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. గట్టిగా మాట్లాడి మెత్తగా చూసుకునే అత్త. వరి పొలమే లోకంగా బతికే మావ. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, మా బావ. డిగ్రీ అయిపోయి ఆర్మీ కోసం పరుగెత్తుతున్నాడు. నిజంగానే పరుగెత్తేవాడు. మా జిల్లాల్లో తెల్లారకుండా రోడ్డు మీద గుంపుగా పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తే దొంగలేమో అని భయపడక్కర్లేదు, ఆర్మీ సెలక్షన్లకి తయారయ్యేవాళ్లు. (అందరూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, బావని నేను పెళ్లి చేసుకోలేదు. ఈ కథ చదివాక ఎందుకో మీకే తెలుస్తుంది.)

ఇక ఆ ఇంటి స్నానాల గది. పైన రేకు, కింద పాకుడు, కిటికీ ఉండాల్సిన చోట ఒక ఇటుక అంత కన్నం. మధ్యాహ్నం పన్నెండుకి కూడా లోపల సాయంకాలంలాగే ఉండేది. గోడ మేకుకి తువాలు, దాని పక్కన అందరి వీపులూ తోమే ఒకే బీరపీచు, కింద సబ్బుపెట్టెలో ఒక సబ్బు. కొత్త సబ్బు తీయగానే పాత సబ్బు పెచ్చుని తడిపి దానికి అంటించేసేది మా అత్త. ఆ లెక్కన ఆ ఇంట్లో సబ్బు ఎప్పుడూ అయిపోలేదు, ఆవిడ పెళ్లినాటి సబ్బు కూడా లోపలెక్కడో ఒక పొరలో ఉండే ఉంటుందని నా అనుమానం. వీటన్నిటి పైన, అదే మేకుకి, బావ నిక్కరు. అది మామూలు నిక్కరు కాదు. అది వేసుకున్న మొదటిరోజే పరుగులో వాడు అందరికన్నా ముందొచ్చాడట. అప్పట్నుంచీ ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. చెమటతో తడిసింది తడిసినట్టే తువాలు మీద తగిలించి పోతాడు.

వానలు పట్టాక నాకు నడుం దగ్గర దురద మొదలయ్యింది. మా వైపు జిల అంటారు. మొదట చీర బిగుతనుకున్నాను, తర్వాత దోమ అనుకున్నాను, ఆ తర్వాత అద్దంలో చూసుకుంటే గుండ్రంగా, అంచు ఎర్రగా, అణా బిళ్ల అంత మచ్చ. ఎవరికైనా చెబుదామంటే సిగ్గు. ఆ వారమే నేను తరగతిలో శిలీంధ్రాల పాఠం చెబుతున్నాను. "శిలీంధ్రాలు చీకటిగా, తడిగా, వెచ్చగా ఉండే చోట బాగా పెరుగును" అని కుడిచేత్తో బోర్డు మీద రాస్తూ, ఎడంచేత్తో నడుం గోక్కుంటున్నాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "మనుషుల మీద కూడా పెరుగుతాయా టీచర్?" అంది. "పెరుగుతాయి. శుభ్రత లేనివాళ్ల మీద" అని ఎంతో హుందాగా జవాబిచ్చి మళ్లీ గోక్కున్నాను. సైన్సు నా నోట్లోంచి నడుం దాకా వెళ్లడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. పిల్లలకి మాత్రం ఎప్పుడో అందింది. నెల తిరక్కుండా బడంతా నా పేరు 'గోకుడు టీచర్'.

ఒకరోజు సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. అత్త గుంజకి ఆనుకుని వీపు అటూ ఇటూ కదుపుతోంది, చెట్టుకి గేదె రాసుకున్నట్టు. మావ పంచె సర్దుకునే నెపం మీద తొడ గోక్కుంటున్నాడు. బావ దిండు ఒళ్లో పెట్టుకుని దిండు కింద చెయ్యి పెట్టాడు. నేను నడుం. ఒకరు చూస్తే ఒకరు ఆపేస్తున్నాం. నలుగురికీ వచ్చింది, నలుగురం దాచుకుంటున్నాం! ముందు బయటపడింది మావే. "ఏటోనే, ఒంట్లో ఏడి సేసీసినట్టున్నాది. వంకాయి మానియ్యాల" అన్నాడు గాల్లోకి చూస్తూ. "ఎండుసేపలు కూడా మానీద్దుమేటి?" అంది అత్త, ఎక్కడలేని ఆత్రంతో. "మానీద్దుం. గోంగూర కూడా" అన్నాడు బావ. ఎవరికి ఏమయ్యిందో ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో బీరకాయ, సొరకాయ, మళ్లీ బీరకాయ. నోరు చచ్చిపోయింది గానీ జిల మాత్రం రోజురోజుకీ బలిసింది. తర్వాత బావ మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చాడు. రాస్తే నాలుగురోజుల్లో మాయమయ్యేది, ఆపితే పక్కన తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని మళ్లీ వచ్చేది. ఆ ట్యూబు కూడా మేకు పక్క గూట్లో ఉండేది, ఎవరికి వాళ్లం రహస్యంగా దాన్నే వాడుకునేవాళ్లం. రెండు రోజుల్లో ట్యూబు ఎలా ఖాళీ అయిపోతోందో అర్థంకాక బావ షాపువాణ్ణి అనుమానించేవాడు.

ఇలా ఉండగా బావకి పరుగులో సెలక్షన్ అయ్యింది. ఇంట్లో పండగ. అత్త రామతీర్థం రాముడికి మొక్కుకుంది, మావ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఒక్క బావే డల్లుగా ఉన్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నా దగ్గరకొచ్చి, "ఒసే, ఇంక మెడికల్ ఉన్నాది. బట్టలిప్పించీసి ఒళ్లంతా సూస్తారంట. ఇది సూస్తే ఇంటికి పంపీస్తారే" అని పంచె మోకాలి పైదాకా ఎత్తి చూపించాడు. తొడ మీద ఒక్కటి కాదు, ఒకదాన్నొకటి కలుపుకుని పటంలో దేశాల్లా ఉన్నాయి. వాడి గొంతులో మామూలుగా ఉండే వెటకారం లేదు. ఎన్నేళ్లుగానో చలిలో, వానలో పరుగెత్తినవాడు, ఒక మచ్చ వల్ల ఆగిపోతానేమో అని భయపడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. బావ మీద కాదు, ఆ మచ్చ మీద. "ఆదివారం దాకా ఆగొద్దు, రేపే పోదాం విజయనగరం. నేను బడికి సెలవు పెడతాను" అన్నాను.

చర్మాల డాక్టరమ్మ బావని చూసి, "ఇంట్లో ఇంకెంతమందికి ఉంది?" అని అడిగింది. "నాకొక్కడికేనండి" అన్నాడు బావ. నేను గొంతు సర్దుకుని, "నాకూ ఉందండి" అన్నాను. బావ కుర్చీలో తిరిగి, "నీకూనేటే!" అన్నాడు. "అత్తకీ ఉంది. మావకీ ఉంది." "మా నాన్నకి కూడానా!" డాక్టరమ్మ నవ్వాపుకుని, అందరికీ ఒకే తువాలా, విడివిడిగానా, ఎండలో ఆరేస్తారా, తడి ఒంటి మీదే బట్టలు వేసుకుంటారా అని ఒక్కొక్కటీ అడిగింది. ఇది తామర, ఫంగస్, ఒకరి నుంచి ఒకరికి తువాళ్ల మీద, బట్టల మీద అంటుకుంటుంది అంది. షాపులో ఇచ్చే ట్యూబులు పైపైన అణిచి లోపల పెంచుతాయట. అందరూ ఒకేసారి మందు వాడాలి, మచ్చ పోయిందని మధ్యలో ఆపకూడదు, తువాళ్లు వేరు, సబ్బు వేరు, బట్టలు రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి, పీచు పారేయాలి అని చెప్పింది. చివర్లో నా వైపు చూసి, "నువ్వేం చేస్తావమ్మా?" అంది. "సైన్సు టీచర్నండి" అన్నాను. "శిలీంధ్రాల పాఠం ఉండదా?" అంది. "పోయిన నెలే అయిపోయిందండి" అన్నాను. బావ గుమ్మం దాటేదాకా నవ్వు ఆపుకుని, రైల్వేస్టేషను దాకా నవ్వుతూనే వచ్చాడు.

నేను మాత్రం నవ్వలేదు. ఆ దారిలోనే నిశ్చయించుకున్నాను, మెడికల్ రోజు లోపల ఆ ఇంట్లోంచి తామరనైనా వెళ్లగొట్టాలి, నేనైనా వెళ్లిపోవాలి. బజార్లో నాలుగు రంగుల్లో నాలుగు తువాళ్లు కొన్నాను. అత్తకి పసుపు, మావకి ఎరుపు, బావకి ఆకుపచ్చ, నాకు నీలం. ఇంటికెళ్లి అత్త చేతుల్లో పెట్టి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అత్త ఆ తువాళ్లని, ఆస్తి పంపకానికి వచ్చిన పెద్దమనుషుల్ని చూసినట్టు చూసింది. "తువాళ్లు ఏరు సేస్తావు. రేపు కంచాలు ఏరు సేస్తావు. ఎల్లుండి పొయ్యిలు ఏరు సేస్తావు. ఒక్క కొడుకున్న కొంప, దీన్ని కూడా ఏరు పెట్టీడానికి వచ్చినావేటే?" అంది. "అది కాదత్తా..." "ఏటి కాదు? పెళ్లైన కాడ్నించీ నానూ మీ మావా ఒక్క తువాలే. మాకేటయ్యింది?" "జిల అయ్యింది అత్తా" అన్నాను. అంతే, ఆ పూట నుంచి అత్త నాతో మాట్లాడ్డం మానేసింది. నాకు కావలసినవన్నీ గోడకి చెప్పేది. "ఆకలేస్తే అన్నం ఉట్టి మీదున్నాది" అని గోడతో అనేది, నేను వెళ్లి తినేదాన్ని.

తువాళ్లని మాత్రం పారేయలేదు. నాలుగూ శుభ్రంగా ఉతికి, నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి, అదే మేకుకి తగిలించింది. మావ ఏది చేతికందితే అది. "మావా, నీది ఎర్రది కదా!" అంటే, "ఏది ఎవుల్దో నాకేటి తెలుస్తాది? లోపల సీకటి. అందింది తీసీసినాను" అనేవాడు పసుపు తువాలుతో మెడ తుడుచుకుంటూ. నేను పంతం పట్టాను. పొద్దున్నే స్నానాల గది గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని, లోపలికి వెళ్లేవాళ్ల చేతికి వాళ్ల తువాలు ఇచ్చి, బయటికి రాగానే లాక్కుని దండెం మీద ఎండలో వేసి, బడికి పరుగెత్తేదాన్ని. బీరపీచుని అత్త చూడకుండా పొయ్యిలో పెట్టేశాను. (చూసింది. గోడకి చాలాసేపు చెప్పింది.) బడి నుంచి వచ్చేసరికి తువాళ్లు మళ్లీ మేకుకి ఉండేవి. మర్నాడు మళ్లీ పీట. అలా ఒక వారం ఆవిడా తగ్గలేదు, నేనూ తగ్గలేదు.

ఆఖరికి అత్త మా నాన్నకి ఫోను చేసింది. నాన్న నాకు చేశాడు. "ఏటే, తువాళ్ల గొడవేటి? మీ అత్త ఏడస్తంది." "నాన్నా, ఇంట్లో అందరికీ తామరొచ్చింది." "అందరికీ వచ్చినాది కదా, మరింక గొడవేటి? ఒక్కలికొస్తే కదా గొడవ!" నేను ఫోను పెట్టేశాను. ఆ సాయంత్రం సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టాను. నిజంగా వెళ్లిపోదామనే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత కోపంలోనూ ఆ ఇంటి మీద నాకెంత ఇష్టం ఉందో అప్పుడే తెలిసింది.

బావ గుమ్మంలోంచి సూట్‌కేసుని చూశాడు. నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూర్చున్న అత్త పక్కన చతికిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు మెల్లిగా, "ఆర్మీలో సేరినరోజే నా కంచం, నా గ్లాసు, నా మంచం, నా తువాలు, అన్నీ ఏరుగా ఇచ్చీస్తారే. అప్పుడు నాను నీ కొడుకుని కాకండా పోతానేటి?" అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. బావ ఆగలేదు. "ఆ మచ్చ సూసి నన్ను ఎనక్కి పంపీస్తే, ఒక్క తువాలుతో తుడుసుకుని ఇక్కడే ఉంటాను. నీకు అదేనా కావాల?" అన్నాడు. అత్త అప్పుడు అంది, "అక్కడ నీ బట్టలెవులు ఉతుకుతారు?" "నానే." "నువ్వా? నిక్కరుతుక్కోడం రాదు నీకు!"

అంటూనే లేచింది. కొంగు బిగించింది. విసవిసా స్నానాల గదిలోకి వెళ్లి, ఆ అదృష్టం నిక్కరుని కర్రతో ఎత్తి, పాము చచ్చిందో లేదో అన్నట్టు దూరంగా పట్టుకుని తెచ్చి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో పడేసింది. "అమ్మా! అదృష్టం పోతాదే!" అని అరిచాడు బావ. "పోతే పోనీ. జిల పోతాది" అంది అత్త, కర్రతో కలియబెడుతూ. తర్వాత నా మంచం దగ్గరకొచ్చి, గోడని కాకుండా నన్నే చూసి, "సూట్‌కేసు దించు. ఆ డాక్టరమ్మ ఏటేటి సెప్పినాదో మొదట్నించి సెప్పు" అంది.

అక్కడితో యుద్ధం నా చేయి దాటిపోయింది. నేను వట్టి సిపాయిని, అత్త జనరల్. మర్నాడే లోపలి మేకు పీకించేసింది. పెరట్లో ఎండ బాగా పడే గోడకి దూరం దూరంగా నాలుగు మేకులు కొట్టించింది. స్నానాల గది రేకుల్లో ఒకటి తీయించి వెలుగు వచ్చేలా చేయించింది. పాకుడంతా తనే గీకి సున్నం వేసింది. పక్కబట్టలన్నీ ఉడకబెట్టింది. మా మందులు మాకు మింగించి, మా మచ్చల మీద మాతోనే రాయించి, రాసిన చేతులు సబ్బుతో కడిగేదాకా ఇంట్లో ఏదీ ముట్టనిచ్చేది కాదు. బట్టలు కలిపే కర్ర ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. మావ స్నానం చేసి బయటికి రాగానే, "కాళ్లు సూపించు" అనేది. "నాట్లేసినన్నాళ్లూ బురదలో నానిన కాళ్లకి ఏళ్ల మజ్జన తుడవడమేటే?" అని మావ గింజుకునేవాడు. "అందుకే తుడవాల. కూకో" అనేది. పాపం మావ అరుగు మీద కూర్చుని, ఎర్ర తువాలుతో ఒక్కొక్క వేలి సందూ తుడుచుకుంటూ, దారిన పోయేవాళ్లు పలకరిస్తే తల తిప్పుకునేవాడు. మచ్చలు మాసిపోయాక, "ఇంక మందెందుకే, తగ్గిపోనాది కదా" అంటే, "డాక్టరమ్మ ఆపమన్నాదేటి? నేదు కదా. నోరు తెరు" అనేది. వంకాయ మాత్రం తిరిగొచ్చింది. ఎండుచేపలూ వచ్చాయి. ఆ రోజు మావ తిన్న అన్నం ఇప్పటికీ నా కళ్లకి కట్టినట్టుంది.

మెడికల్ రోజు వచ్చింది. బావ ఒంటి మీద మచ్చలుండిన చోట లేత నీడలు తప్ప ఏమీ లేవు. మావని తోడు తీసుకుని వెళ్లాడు. మేం ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. అత్త పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. "అమ్మా, తామర నేదన్నారు. ఒళ్లు శుభ్రంగా ఉన్నాదన్నారు" అన్నాడు బావ. అత్త రెండు చేతులూ జోడించింది. "కానీ..." అన్నాడు. జోడించిన చేతులు అలాగే ఆగిపోయాయి. "సెవిలో గుబిలుందంట. శుభ్రం సేయించుకుని మళ్లీ రమ్మన్నారు." అత్త మెల్లిగా నా వైపు తిరిగింది. "ఒసే, ఇంత సైన్సు సదివినావు. నీకు సెవులు గుర్తు రానేదేటే?" అంది. కాలి వేళ్ల సందుల దాకా కాపలా కాసిన మేం, కళ్లెదురుగా, తలకి రెండు వైపులా ఉన్న చెవులని మర్చిపోయాం! సాయంత్రం వాళ్లు ఇంటికి రాగానే బావని చెవుల డాక్టరు దగ్గరికి పంపింది. మావ పిన్నీసుతో తన చెవి తనే శుభ్రం చేసుకోబోతే కర్ర విసిరి, ఆయన్నీ డాక్టరు దగ్గరికే తోలింది. బావ మళ్లీ వెళ్లాడు, ఈసారి పాసయ్యాడు.

వాణ్ణి చీపురుపల్లి స్టేషన్లో రైలెక్కించిన రోజు మొత్తం ఊరు వచ్చింది. వాడితోపాటు వెళ్లే కుర్రాళ్లందరి ముందూ అత్త కిటికీ పట్టుకుని, "తడి ఒంటి మీద బట్టలేసుకోకు. ఏళ్ల మజ్జన తుడుసుకో. నిక్కరు రోజూ ఉతుక్కో" అని గట్టిగా చెబుతుంటే బావ సిగ్గుతో సీటు కిందకి జారిపోయాడు. రైలు కదిలేదాకా ఆవిడ ఏడవలేదు. ఆఖరి పెట్టె దాటాక మావ భుజం మీది కండువా లాక్కుని, అందులో మొహం దాచుకుని ఏడ్చింది. అది తనది కాదని నేనూ అనలేదు, మావా అనలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయ్యింది. నేను ఇప్పటికీ సైన్సే చెబుతున్నాను. పిల్లలు ఇప్పుడేం పేరు పెట్టారో తెలుసుకోవాలని లేదు. మొన్న అత్త ఫోను చేసింది. మాటల మధ్యలో, "ఒసే, మీ పిల్లల తువాళ్లు ఏరుగా ఉన్నాయా? ఎండలో ఏస్తన్నావా? నేకపోతే తామరొస్తాదే. నీకు తెలీదు, ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ వస్తే, నాను పట్టుబట్టి మాన్పించినాను. ఎవులూ నా మాట ఇననేదు, తెలుసా!" అంది. నా ఇరవై రెండేళ్ల వయసులోనైతే పీట వేసుకు కూర్చుని, ఎవరు పట్టుబట్టారో, ఎవరు గోడతో మాట్లాడారో, మొదట్నుంచి చివరిదాకా వాదించి ఉండేదాన్ని. అంత పట్టుదల ఆ పిల్లకి ఎక్కడిదో, ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. "అలాగే అత్తా. నువ్వు సెప్పినట్టే సేస్తాను" అన్నాను.